సొర పంతులుగారి పోస్టరు

ద్రాక్షారామం భీమేశ్వరస్వామి గుడి వీధిలో నాలుగు తరాలుగా పౌరోహిత్యం చేసుకుంటున్న ఇంట్లో పుట్టి, చచ్చిన సొరచేపల పొడవు కొలిచే ఉద్యోగంలో చేరినవాడు ఈ భూమ్మీద అనంతకృష్ణ ఒక్కడే అయ్యుంటాడు. ఆ మాట వాళ్ల నాన్న వేంకటేశ్వర్లుగారు ఎదురుపడ్డ ప్రతివాళ్లకీ చెప్పేవారు, గొప్పగా మాత్రం కాదు. "జువాలజీ అంటే కాలేజీలో పాఠాలు చెప్పుకుంటాడనుకున్నానండీ. చదవేస్తే ఉన్న మతి పోయిందని, టేపు పుచ్చుకుని పోయి చేపల రేవులో కూర్చున్నాడు" అనేవారు. కొడుకు రెండో శనివారం ఇంటికొస్తే పెరట్లో కుళాయి కింద తలస్నానం చేశాకే గడప తొక్కనిచ్చేవారు. అనంతకృష్ణ కూడా ఎదురు చెప్పేవాడు కాదు, బుద్ధిగా చేసి వచ్చేవాడు.

అతను పనిచేసేది మొగల్తూరు దాటాక, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే మొగకి కాస్త ఇవతలున్న చినమెరక రేవులో. కాంట్రాక్టు ఉద్యోగం, ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. తెల్లవారేసరికి బోట్లు ఒడ్డుకొస్తాయి. ఇసుక మీద చేపలు కుప్పపోస్తారు. వేలం పాట మొదలయ్యేలోపు అతను సొరలన్నీ వరసగా పరిచి, మూతి నుంచి తోక దాకా టేపు పెట్టి, ఆడో మగో చూసి, కడుపులో పిల్లలుంటే లెక్కపెట్టి పుస్తకంలో రాసుకోవాలి. చేతులకి గ్లవుజులు, నుదుట విభూతి, పక్కన క్యారేజీలో పెరుగన్నం. రేవులో వాళ్లు మొదట్లో నవ్వారు, తర్వాత అలవాటుపడ్డారు. సొర పంతులుగారు అని పేరు పెట్టి, ఆయన వచ్చేదాకా సొరల్ని పాటకి పెట్టకుండా ఆపేవారు. గోదావరి వాళ్లు ఎగతాళి చేసినా మర్యాదగానే చేస్తారు మరి.

ఐదేళ్ల పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే అతనికి నిజంగానే ఏడుపొచ్చేది. మొదటి ఏడాది మనిషంత పొడుగు సొరలు వారానికి రెండు మూడు పడేవి. ఇప్పుడు పడేవన్నీ మూరెడు, మూరన్నర. పెద్దవి అయిపోయాక పిల్లల్ని పడుతున్నారన్నమాట. సొర మిగతా చేపల్లాగా లక్ష గుడ్లు పెట్టి తన దారిన తను పోయే రకం కాదు. ఏళ్ల తరబడి పెరిగి, నెలల తరబడి కడుపుతో ఉండి, నాలుగో ఐదో పిల్లల్ని కంటుంది. రొయ్యల చెరువులో సీడు వేసినట్టు మళ్లీ వేసుకునేది కాదు. ఈ సంగతి అతను రేవులో అందరికీ చెప్పేవాడు. అందరూ "మరేనండి, పాపం కదండీ" అని తలూపి, సాయంత్రం వలలు సర్దుకుని మళ్లీ వెళ్లేవాళ్లు. వెళ్లక ఏం తింటారు?

ఇంతకీ అతని ప్రాణమంతా ఒక్క సొర మీద ఉండేది. నాలుగేళ్ల కిందట ఒక పొద్దున్న, పాలసొరల కుప్పలో అడుగున, సగం చివికిపోయి ఒకటి దొరికింది. చూడ్డానికి అచ్చం పాలసొరే. రెక్కల కొసలు మాత్రం నల్లగా సిరాలో ముంచినట్టున్నాయి. నోరు తెరిచి చూస్తే పై పళ్లు విచిత్రంగా ఉన్నాయి, మొదట్లో రంపంలా గరుకు, కొసకొచ్చేసరికి చాకులా నునుపు. రేవులో దాన్ని నల్లంచు సొర అంటారు. పుస్తకాల్లో మాత్రం ఆ రకం నలభై ఏళ్లుగా ఎవరి కంటా పడలేదని, బహుశా అంతరించిపోయిందని రాసుంది. అక్కడికక్కడే ఫొటోలు తీసి కాకినాడలో ప్రాజెక్టు ఆఫీసుకి పంపాడు. అక్కడి శాస్త్రవేత్తలు చూసి, ఫొటో చాలదన్నారు. తాజాది కావాలి, ఏ రోజు, ఏ చోట, ఏ బోటుకి పడిందో రాసుండాలి, అప్పుడే నమ్ముతామన్నారు. అలాంటిది ఒక్కటి దొరికితే చాలు, సొరలు పిల్లల్ని పెట్టడానికి మొగలోకి వచ్చే ఆ రెండు మూడు నెలలూ అక్కడ వలలు వేయకుండా ఆపమని, ఆ రోజుల్లో జాలర్లకి భృతి ఇమ్మని పైకి రాయొచ్చు. ప్రాజెక్టు మార్చితో ఆఖరు. అతనికి కావలసింది ఒకే ఒక్క సొర.

అలా ఉండగా కిందటేడు కాకినాడ ఆఫీసు నుంచి పోస్టర్లు వచ్చాయి. "అరుదైన సొరలను కాపాడుదాం" అని పైన పెద్దక్షరాలు, కింద నోరంతా తెరుచుకుని మీదికి దూకుతున్న పేద్ద తెల్లసొర. అది ఎక్కడో దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా వైపు చల్లటి నీళ్లలో తిరిగేది, పాపం అక్కడ దాని తిప్పలు దానికున్నాయి. చినమెరక మొహం అదెన్నడూ చూడలేదు. రేవులో ఐసు షెడ్డు గోడకి అంటించగానే జనం మూగారు. లోవరాజు అని, బోటు నడిపే యాభై ఏళ్ల సరంగు, రేవులో అందరికన్నా నెమ్మదస్తుడు, దాన్ని కాసేపు పరకాయించి చూసి, "పంతులుగోరూ, దీన్ని మనం కాపాడాలాండి, దీన్నుంచి మనం కాపాడుకోవాలాండి?" అన్నాడు. రేవు రేవంతా నవ్వింది. అనంతకృష్ణ కూడా నవ్వాడు గానీ లోపల కాలిపోయింది.

ఆ కోపంలోనే తనే ఒక పోస్టరు చేయాలనుకున్నాడు. అక్కడే వచ్చింది చిక్కంతా.

రెండు నెలలు కూర్చుని చేశాడు. ఈ సముద్రంలో పడేవే, చంపకూడని రకాలు ఆరు తీసుకున్నాడు. ఒక్కోదాన్ని రేవులో ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరే రాశాడు. తను తీసిన ఫొటోలే పెట్టాడు. మధ్యలో నల్లంచు సొర. దానికీ పాలసొరకీ తేడా ఎలా చూడాలో బాణం గుర్తులతో చూపించాడు, రెక్క కొస, పక్కన తెల్లచార, పన్ను. పన్నుని అరచెయ్యంత పెద్దది చేసి వేశాడు, చదువు రానివాళ్లు కూడా గుర్తుపట్టాలని. "వలలో పడితే వెంటనే నీళ్లలో వదిలేయండి, నాకు ఫోన్ చేయండి" అని తన నంబరు ఇచ్చాడు.

ప్రాజెక్టు పెద్ద శశిభూషణ్‌గారు చూసి మెచ్చుకున్నారు. మంచి మనిషే, ఫైళ్ల మధ్య నలిగిపోయిన మంచి మనిషి. "బ్రహ్మాండంగా ఉందయ్యా. కానీ చట్టం లైను ఏదీ? అది లేకపోతే పోస్టరు కాదు, శుభలేఖ అవుతుంది. కాస్త భయం ఉండాలి" అన్నారు. నిజమే కదా అనుకుని అనంతకృష్ణ అట్టడుగున ఎర్ర అక్షరాలతో చేర్చాడు, వీటిని చంపినా, అమ్మినా, దగ్గర ఉంచుకున్నా మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు అని.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కళ్లే వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, శ్రద్ధగా చూసి వెళ్లారు. నలభై కాపీలు వేయిస్తే వారంలో అయిపోయాయి. లోవరాజు స్వయంగా అడిగి తీసుకుని, తడవకుండా ప్లాస్టిక్ కాగితం చుట్టి బోటు క్యాబిన్‌లో అమ్మవారి పటం పక్కన అంటించుకున్నాడు. ఆ రోజు అనంతకృష్ణ ఎంత సంతోషపడ్డాడంటే, సాయంత్రం నరసాపురంలో అద్దింటికి వెళ్లి భార్య ఫణిశ్రీకి ఆ సంగతి మూడుసార్లు చెప్పాడు.

ఆ తర్వాత నల్లంచు సొర ఒక్కటి కూడా రాలేదు. అదొక్కటే కాదు, పోస్టరులో ఉన్న ఆరు రకాల్లో ఏదీ రాలేదు. నెల నెలా రిపోర్టులో ఆ ఆరు గళ్లలోనూ "లేదు, లేదు" అని రాసి పంపేవాడు. అంతకుముందు నెలకి రెండో మూడో వచ్చేవి. చచ్చినవైనా ఉన్నాయన్న ధైర్యం ఉండేది. ఇప్పుడు అసలే లేవంటే ఏమనుకోవాలి? పూర్తిగా పోయాయా? అన్నం సహించేది కాదు. పొద్దున్నే రేవుకెళ్లి కుప్పలన్నీ చేతులతో కెలికేవాడు. మధ్య మధ్య తలా రెక్కలూ లేని సొర మొండేలు కనబడేవి. "తలలేవి?" అని అడిగితే, "ఐసు చాల్లేదండి, చోటు కోసం సముద్రంలోనే కోసేసామండి" అనేవారు. తల లేకపోతే పన్ను లేదు, రెక్క లేకపోతే నల్లంచు లేదు. ఏ రకమో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆ వరసలో "గుర్తు తెలియదు" అని రాసుకునేవాడు. వాళ్ల మాట అనుమానించాలని అతనికి తోచలేదు. ఐదేళ్లుగా తనకోసం పాట ఆపినవాళ్లు కదా.

మాఘమాసంలో ఫణిశ్రీ మొక్కు తీర్చుకోవడానికి అన్నవరం వెళ్లారు. కొండ మీద వ్రతం పీటల మీద కూర్చుని ఉండగా ఫోను ఒక్క రింగు మోగి ఆగిపోయింది. లోవరాజు. వ్రతం అయ్యాక మెట్ల మీద నిలబడి తిరిగి చేశాడు. "ఏం లేదండి, జేబులో నొక్కుకుపోయిందండి" అన్నాడు లోవరాజు. "అమ్మాయికి ఐదు రోజుల కిందట ఆడపిల్ల పుట్టిందండి. బారసాలకి తప్పకుండా రావాలండి." సంతోషం, వస్తానన్నాడు అనంతకృష్ణ. ప్రసాదం పొట్లం ఒకటి ఆ పిల్ల కోసం విడిగా కట్టించాడు కూడా.

ఇరవై ఒకటో రోజు బారసాల. సముద్రం గాలికి షామియానా టపటపా కొట్టుకుంటోంది. లోవరాజు భార్య నూకరత్నం ఎదురొచ్చి కుర్చీ వేసింది. "మీరు మా ఇంట్లో ఏమీ ముట్టరని తెలుసండి. బొండం కొట్టిస్తాను, దానికి మైల లేదు కదండీ" అంది. పంతులుగారి కొడుకు ఉండగా వేరే పంతులెందుకని, పేరుకి అక్షరం చూడమన్నారు. ఎంత సొరలు కొలిచినా ఇంటి విద్య ఎక్కడికి పోతుంది? ఫోన్‌లో పంచాంగం తీసి, పుట్టిన వేళ అడిగి, "అనూరాధ నక్షత్రం. నా, నీ, నూ, నే" అన్నాడు.

"నూ వచ్చిందండి!" అని నూకరత్నం గట్టిగా చప్పట్లు కొట్టింది. "నా పేరేనండి!"

"నే కూడా ఉందిగా. నేహశ్రీ" అంది బాలింత వీరవేణి ఉయ్యాల దగ్గర్నుంచి, గొంతు పెద్దగా లేకపోయినా ఖరాఖండీగా. నేహశ్రీ అనే ఖాయమైంది. అమ్మమ్మ మాత్రం చెవిలో నూకాలు అని ఊది, తన ముచ్చట తను తీర్చుకుంది.

"మొదట్లో పిల్ల ఏడ్చి చంపేసిందండి" అని నూకరత్నం చెప్పుకొచ్చింది. "తల్లికి పాలు పడలేదండి. వారం రోజులు డబ్బా పాలే. సొరపుట్టు పెట్టాకే పడ్డాయి. ఇప్పుడు చూడండి, బుగ్గలు ఎలా వచ్చాయో!" బాలింతకి పాలసొర వండి పెట్టడం ఆ తీరంలో ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేని సంగతి. అనంతకృష్ణ తలూపాడు. అక్షింతలు వేయమని పిల్లని తెచ్చి అతని ఒళ్లో పెట్టారు. గౌను పైకి జరిగింది. మొలతాడుకి వెండి తీగ చుట్టిన సొరపన్ను వేలాడుతోంది.

అది కూడా కొత్త కాదు. సొరపన్ను కడితే పసిబిడ్డ ఉలిక్కిపడదని వాళ్ల నమ్మకం. రేవులో ప్రతి పిల్లకీ ఉంటుంది, అతను వంద చూసుంటాడు. ఊరికే అలవాటుకొద్దీ వేలితో తిప్పి చూశాడు.

మొదట్లో గరుకు. కొసన నునుపు.

మళ్లీ తిప్పాడు. తెల్లగా, తాజాగా ఉంది. పోస్టరు మీద అరచెయ్యంత చేసి తను వేసిన పన్ను అదే. ప్రపంచంలో ఎక్కడా లేదని రాసిన సొర పన్ను పిల్ల పొట్ట మీద ఊగుతోంది. తలెత్తి చూస్తే గుమ్మంలో లోవరాజు నిలబడి ఉన్నాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు.

పిల్లని తల్లికి అందించి లేచాడు, ఇద్దరూ ఇంటి వెనక సరుగుడు తోటలోకి నడిచారు.

"ఎప్పుడు?" అన్నాడు అనంతకృష్ణ.

"మీరు అన్నవరంలో ఉన్న రోజునేనండి." లోవరాజు తల దించుకునే చెప్పాడు. "మొగలో వల లాగితే వచ్చిందండి. కడుపుతో ఉంది. బోటు మీదికి లాగేసరికి బెదురుకో ఏమో, అక్కడే పిల్లల్ని పెట్టేసిందండి. నాలుగు. మీ కాగితం దగ్గర పెట్టుకుని చూశాను. రెక్క, చార, పన్ను, అన్నీ సరిపోయాయి. తల్లి అప్పటికే పోయింది. పిల్లలు రెండు కదల్లేదు, రెండు కదులుతున్నాయి. వదిలేయమని రాశారు కదండీ. ఆ రెండిటినీ రెండు చేతుల్తో పట్టుకుని నీళ్లలో పెట్టాను. ఈదుతాయేమోనని చూశానండి. ఈదలేదు. కాసేపు నా చేతుల్లోనే ఉండి, అలా అలా కిందికి దిగిపోయాయి."

లోవరాజు అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు.

"మీకు చెబుదామని ఫోను కూడా నొక్కానండి. ఒక్క రింగు పోయింది. అప్పుడు కింద ఎర్రక్షరాలు కనబడ్డాయండి. మూడేళ్లు, ఏడేళ్లు. కూతురు పురిటి మంచం మీద ఉంది. అల్లుడు గల్ఫులో ఉన్నాడు. ఇంటికి నేనొక్కణ్ణే మగదిక్కు. కట్ చేసేశాను. తల్లి తల, రెక్కలు కోసి నీళ్లలో పడేసి, మొండెం మిగతా వాటితో పాటకి పెట్టేశాం. చచ్చిన పిల్లలు రెండు ఇంటికి తెచ్చానండి. అమ్మాయికి పాలు లేవు. ఎక్కడ వెతికినా పాలసొర దొరకని రోజులు కదండీ, మీకు తెలియందేముంది. తల పడేసే ముందు ఒక పన్ను పీకి తెస్తే మా ఆవిడ దాచింది, పిల్లకని. తల్లిదండి అది."

"ఇంతకుముందు కూడా పడ్డాయా?"

"మా బోటుకి అదొక్కటేనండి. మిగతావాళ్ల సంగతి నేను చెప్పకూడదు." అన్నాడు లోవరాజు. "మీ కాగితంలో ఉన్నవి ఇదివరకు పడేవి కదండీ. పట్టకూడనివని మాకు తెలీదు, తెచ్చి మీ ముందు పడేసేవాళ్లం. ఇప్పుడు మీరు చెప్పాక తెలిసింది కదండీ. తెలిశాక ఎలా తెస్తామండి?"

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. ఇక్కడ కోతి కూడా కాలేదు. ఎవరికీ పనికిరాని ఆ తెల్లసొర బొమ్మే నయం, అది ఒక్క చేపనీ చంపలేదు. రెండు నెలలు కళ్లు కాయలు కాసేలా కూర్చుని తను గీసిన బాణం గుర్తులే కత్తికి దారి చూపించాయి. తలలు లేని మొండేలన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. "గుర్తు తెలియదు" అని తన చేత్తోనే రాశాడు, ఎన్ని రాశాడో ఏమో. అనంతకృష్ణకి కోపం వచ్చింది గానీ అది ఎవరి మీద వేయాలో తెలియలేదు. ఎదురుగా ఉన్నవాడు అబద్ధమాడలేదు, దొంగతనం చేయలేదు, చేతనైనంత వదలాలనే చూశాడు.

"తప్పేనండి" అన్నాడు లోవరాజు. "మీరైతే ఏం చేసుండేవారండి?"



లోవరాజు ఇంట్లోకెళ్లి నిద్రపోతున్న పిల్లని భుజాన వేసుకుని తెచ్చాడు. "విప్పి తీసుకోండి పంతులుగోరూ. నా పేరు, బోటు నంబరు రాసుకోండి. మీరు దీనికోసం ఎన్నాళ్లు తిరిగారో నాకు తెలుసండి. ఏమైతే అదవుద్ది."

ఆ పన్ను చాలు. దాని మూలంలో ఉన్న రవ్వంత కండతో అది ఏ రకం సొరో తేల్చేస్తారు. నలభై ఏళ్ల తర్వాత దొరికిందని లోకమంతా చెప్పుకుంటుంది. మొగలో వలలు ఆగొచ్చు. కానీ నమూనా ఫారంలో తేదీ, చోటు, బోటు నంబరు, సరంగు పేరు అని నాలుగు గళ్లుంటాయి. అవి నింపితే అదే కాగితం పోలీసుల దగ్గరికి వెళుతుంది. నింపకపోతే అది సంతలో కొన్న పన్నుతో సమానం. పిల్ల పెదవుల చివర పాలచుక్క ఉంది. అనంతకృష్ణ మొలతాడు పట్టుకున్నాడు. ముడి వదులుగా ఉంది. కాసేపు అలాగే పట్టుకుని నిలబడి, ముడి గట్టిగా బిగించాడు.

"పారేయకండి" అన్నాడు. "పెద్దయ్యాక కూడా జాగ్రత్తగా ఉంచుకోమనండి." చెప్పులు వెతుక్కుంటూ వచ్చేశాడు.

మర్నాడు ఉండబట్టలేక శశిభూషణ్‌గారికి ఫోన్ చేశాడు. "సార్, ఒకవేళ నమూనా దొరికిందనుకోండి, ఎవరు పట్టారో చెప్పకుండా..."

"ఆగు ఆగు" అన్నారాయన. "ఆ మాట నువ్వు చెబితే నేను విన్నట్టు. విన్నాక పైకి రాయకపోతే నేనూ ముద్దాయినే. నేను వినలేదు, నువ్వు చెప్పలేదు. సరేనా? ఇంతకీ శుభవార్త విను. నీ రేవులో ఏడాదిగా అరుదైన సొర ఒక్కటి కూడా ఒడ్డుకి రాలేదు, సున్నా! అవగాహన పనిచేసిందని పైవాళ్లు తెగ సంతోషపడ్డారు. ప్రాజెక్టు ఇంకో ఏడాది పొడిగించారు. నీ పోస్టరు ఐదువేల కాపీలు వేయిస్తున్నాం, కాకినాడ నుంచి మచిలీపట్నం దాకా ప్రతి రేవుకీ."

"వద్దు సార్!" అని అరిచాడు అనంతకృష్ణ.

"ఎందుకయ్యా?"

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఎందుకో చెప్పాలంటే ఎలా తెలిసిందో చెప్పాలి. ఎలా తెలిసిందో చెప్పాలంటే లోవరాజు పేరు చెప్పాలి. "కనీసం ఆ జైలు లైను తీసేయండి సార్" అన్నాడు చివరికి.

"చట్టాన్ని మనమెలా తీసేస్తామయ్యా? అదే కదా పనిచేసింది!" అని నవ్వి ఆయన ఫోన్ పెట్టేశారు.

పదిహేను రోజుల్లో అట్టపెట్టెలు దిగాయి. ఇవతలి రేవులన్నిటికీ అనంతకృష్ణే పంచాలి. మంచం కింద తోసేసి, రేపు మాపు అని ఆఫీసుకి సాకులు చెబుతూ వచ్చాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం గుమ్మం ముందు బండి ఆగింది. అంతర్వేది వైపు రేవు నుంచి అప్పాజీ అని బోటు యజమాని, పరిచయమున్నవాడే, చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు.

"సొరల కాగితం ఇస్తున్నారంట కదండీ. మా రేవుకి కూడా ఇప్పించండి. మావాళ్లకి ఏది ఏంటో తెలీదండి, అన్నీ తెచ్చి ఒడ్డున పోసేస్తున్నారు. ఎప్పుడో కేసులో ఇరుక్కుంటారు."

"అయిపోయాయండి" అన్నాడు అనంతకృష్ణ. పెట్టె మూల మంచం కింద నుంచి బయటికి కనబడుతూనే ఉంది. అప్పాజీ చూశాడు, మర్యాదస్తుడు కాబట్టి చూడనట్టు ఊరుకున్నాడు. అతని చూపు గోడ మీదికి వెళ్లింది. మొట్టమొదట అచ్చయిన పోస్టరు, ముచ్చటపడి ఫణిశ్రీ ఫ్రేము కట్టించి తగిలించినది.

"ఫర్లేదులెండి" అని ఫోను తీసి, నిటారుగా పట్టుకుని, ఫొటో తీసుకున్నాడు. పన్ను సరిగ్గా రాలేదని దగ్గరికెళ్లి ఇంకోటి తీశాడు. "గ్రూపులో పెట్టేశానండి. డెబ్బై బోట్లున్నాయి మాకు. పెద్ద ఉపకారం చేశారు పంతులుగారూ" అని దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. అనంతకృష్ణ లేచి ఫ్రేము దించి, పెట్టెల పక్కన మంచం కిందికి తోసేశాడు.

ఇప్పుడు కూడా పొద్దున్నే రేవుకెళతాడు. టేపు పెడతాడు, తలలు లేనివాటికి "గుర్తు తెలియదు" అని రాస్తాడు, నెలాఖరుకి ఆరు గళ్లలోనూ "లేదు" అని నింపి పంపుతాడు. పోస్టరు అడుగున ఉన్న నంబరు అతనిదే కాబట్టి అప్పుడప్పుడు, ఏ రేవు నుంచో, ఎవరో తెలియని నంబరు నుంచి ఫోను ఒక్క రింగు మోగి ఆగిపోతుంది. మొదట్లో తిరిగి చేసేవాడు. "చేయి తగిలిందండి" అనేవారు. ఇప్పుడు చేయడు. ఆఫీసుకి చూపించని చిన్న పుస్తకం ఒకటి పెట్టుకున్నాడు. రింగు ఆగిపోగానే గ్లవుజు విప్పి అందులో తేదీ, వేళ రాసి, పక్కన ఒక నిలువు గీత గీస్తాడు. ఈ నెలలో ఇప్పటికి నాలుగు గీతలయ్యాయి.